బరువెక్కిన షట్టరును బలవంతం చేయరాదు

తెల్లవారుజామున యానాం వీధులలో కోడి కూతకు, పాలవాని సైకిలు గంటకు తోడుగా వినవచ్చే మరొక ధ్వని షట్టరు ఎత్తే చప్పుడు. ఒకప్పుడు ఈ ప్రాంతంలో దుకాణాలకు చెక్క పలకలే తలుపులు. పలకల మీద వరుసగా అంకెలు వేసి, గాడిలోకి ఒక్కొక్కటి జరిపి, చివరి పలకకు తాళం బిగించేవారు. ఇళ్ళలో బండి ఉంటే అది సావిడిలోనో, పెరటి పాకలోనో నిలిచేది. కాలక్రమేణా ఎడ్లబండి స్థానంలో మోటారు సైకిలు, ఆటో, కారు వచ్చి చేరాయి. కురసాంపేట, కనకాలపేట, మెట్టకూరు మొదలుకొని సరిహద్దు ఆవలి పోలేకుర్రు, నీలపల్లి, ఎదుర్లంకల వరకు, కొత్తగా కట్టిన ఇళ్ళలో చాలావాటికి కింది గదికి ఇనుప షట్టరు కనిపిస్తుంది. ఆ గదిలో కొందరు వాహనం ఉంచుతారు, కొందరు చిన్న కొట్టు పెడతారు. పగలు కొట్టుగాను, రాత్రి వాహనశాలగాను ఉపయోగపడే గదులు కూడా తక్కువేమీ కావు.

ఇంటి తలుపు చెడిపోతే మూలుగుతుంది, కిర్రుమంటుంది, అంతటితో సరి. షట్టరు సంగతి అటువంటిది కాదు. చెడిపోయిన షట్టరు మనిషి మీద పడగలదు. ఇంటిల్లిపాదీ ముందుగా గ్రహించవలసిన విషయం ఇదే.

సాధారణంగా వాడే 18 గేజి రేకు మందం సుమారు 1.2 మిల్లీమీటర్లు. ఆ మందం గల ఇనుప రేకు చదరపు మీటరుకు 9.4 కిలోల బరువు తూగుతుంది. ఎనిమిదడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల ఎత్తు గల షట్టరు దాదాపు ఆరు చదరపు మీటర్లు. పట్టీల వంపుల వల్ల, ఒకదానిలో ఒకటి ఇమిడే అంచుల వల్ల పట్టే అదనపు రేకును, అడుగు పట్టీని, తాళాలను కలుపుకొంటే మొత్తం బరువు అరవై కిలోలకు పైమాటే. అంత బరువును పదిహేనేళ్ళ పిల్లవాడు ఒంటిచేత్తో ఎలా లేపగలుగుతున్నాడు? బరువు మోస్తున్నది పిల్లవాడు కాదు, పైన చుట్ట దగ్గర దాగి ఉన్న స్ప్రింగులు.

షట్టరు పైభాగాన గోడకు బిగించిన రెండు బ్రాకెట్ల నడుమ ఒక ఇనుప గొట్టం అడ్డంగా ఉంటుంది. ఆ గొట్టం తిరగదు. దాని మీద అమర్చిన చక్రాలు తిరుగుతాయి, వాటి లోపల గట్టి ఉక్కు తీగతో చేసిన స్ప్రింగులు ఉంటాయి. షట్టరును కిందికి లాగినప్పుడు ఆ స్ప్రింగులు మెలిపడి బిగుసుకుంటాయి. పైకి ఎత్తినప్పుడు ఆ మెలి విడుతూ బరువును తాము అందుకుంటాయి. బావి గిలకకు అవతలి వైపున సమానమైన బరువు కట్టినట్లన్న మాట. స్ప్రింగులు సరిగా ఉన్నంతకాలం మనిషి చేసేది కొద్దిపాటి సాయం మాత్రమే.

ఉక్కు తీగకైనా ఓర్పుకు హద్దు ఉంది. ఎక్కి దిగిన ప్రతిసారీ అది కొంత అలసిపోతుంది. అమెరికాలో ఇళ్ళ గ్యారేజీ తలుపులకు వాడే సాధారణ స్ప్రింగులను సుమారు పదివేల సార్లు తెరిచి మూసేందుకు సరిపోయేలా తయారుచేస్తారు. రోజుకు నాలుగుసార్లు తెరిచి మూసినా ఆ లెక్కన ఏడేళ్ళలోపే ఆయువు తీరుతుంది. మన ఊళ్ళలో షట్టరు బిగించిన నాటినుండి పదిహేనేళ్ళయినా ఒక్కసారి కూడా పైకప్పు విప్పి చూడని ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. తుప్పు పట్టిన తీగ ఆయుష్షు ఇంకా తక్కువ. తుప్పు తిన్న చిన్న గుంట దగ్గరే తీగ చీలడం మొదలవుతుంది.

స్ప్రింగు తెగబోయే ముందు షట్టరు కొన్ని సూచనలు ఇస్తుంది. నిన్నటి వరకు తేలికగా లేచినది నేడు బరువెక్కుతుంది. ఒకవైపు ముందుగా, మరొకవైపు ఆలస్యంగా లేస్తుంది. సగం ఎత్తి వదిలితే నిలవక జారుతుంది. ఒక్కోసారి నడిరాత్రి, ఎవరూ తాకకుండానే, పైన ఠంగుమని పెద్ద చప్పుడవుతుంది. దొంగలు పడ్డారని లేచి చూస్తే ఎవరూ ఉండరు. అది స్ప్రింగు తెగిన చప్పుడు.

పరీక్షించే పద్ధతి కష్టమైనది కాదు. పెద్దవారు ఒకరు షట్టరును నడుము ఎత్తువరకు లేపి, కాళ్ళు దాని కిందికి రాకుండా దూరంగా ఉంచుకొని, మెల్లగా చేయి సడలించాలి. ఉన్నచోటనే నిలిస్తే, లేదా చాలా కొద్దిగా మాత్రమే కదిలితే స్ప్రింగుల బిగువు సరిపోయిందని అర్థం. గబగబా జారితే బిగువు తగ్గింది, లేదా ఒక స్ప్రింగు తెగింది. అప్పుడు ఇద్దరు కలిసి బలంగా ఎత్తడం, కింద కర్ర పోటు పెట్టి వాహనం బయటకు తీయడం చాలా ఇళ్ళలో చూస్తుంటాము. ఇది మహా ప్రమాదకరం. ఒక స్ప్రింగు తెగితే దాని భారం మిగిలినవాటి మీద పడుతుంది, అవి కూడా అదే వయసువి. కర్ర జారినా, రెండవ స్ప్రింగు తెగినా, ఆ అరవై కిలోలు పడేచోట ఎవరున్నారో షట్టరు చూడదు. అటువంటి షట్టరును పూర్తిగా కిందికి దించి, పనివాడు వచ్చేవరకు తాకకుండా ఉండడమే మేలు. పూర్తిగా పైన ఉండగా తెగితే, ఆ గుమ్మం గుండా రాకపోకలు ఆపివేయాలి.

స్ప్రింగు పనిని ఇంట్లోవారు చేపట్టరాదని వేరే చెప్పనక్కరలేదు గాని, చెప్పవలసి వస్తున్నది. సైకిలు గొలుసు వేసుకోగలిగిన ప్రతివారూ దీన్ని కూడా విప్పగలమనుకుంటారు. మెలిపడి ఉన్న స్ప్రింగులో దాగిన శక్తి, చక్రం పట్టు తప్పిన మరుక్షణం చేతిలోని కడ్డీని విసిరికొడుతుంది. చేసేవాడు స్టూలు మీదనో నిచ్చెన మీదనో ఉంటాడు కనుక దెబ్బతో పాటు పడిపోవడం కూడా జరుగుతుంది. అనుభవమున్న పనివాడు వచ్చినప్పుడు, “తెగినది ఒక్కటే కదా, ఒక్కటే మార్చవయ్యా” అని బేరమాడడం ఇంటి యజమానికి సహజం. “ఆయ్, మార్చేత్తానండి, మళ్ళీ ఆర్నెల్లకి రెండోదానికి పిలుత్తారండి” అని అతడు నవ్వితే అది వ్యాపారపు మాట మాత్రమే కాదు. ఒకే వయసు స్ప్రింగులన్నిటినీ ఒకేసారి మార్చడం రెండు విధాలా లాభం.

ఇక తుప్పు విషయం. గౌతమీ గోదావరి, కోరంగి నది కలిసే చోట, సముద్రానికి చేరువలో ఉన్న ఊరు యానాం. గాలితో పాటు వచ్చే కంటికి కనిపించని ఉప్పు ఇనుము మీద పేరుకుంటుంది. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే వంటలోని ఉప్పే తనంతట తాను నీరవుతుంది. వానాకాలంలో ఉప్పు డబ్బా చెమ్మగిల్లడం గృహిణులెవరికీ కొత్త కాదు. సముద్రపు ఉప్పులో కలిసి ఉండే మెగ్నీషియం లవణం ఇంకా తక్కువ తేమకే కరుగుతుంది. వాన లేకపోయినా మన షట్టరు రాత్రంతా పలుచని ఉప్పునీటి పొరతో తడిసి ఉండడానికి ఇదే కారణం.

ఇందులో చాలామంది ఊహించని విశేషమొకటి ఉంది. వానకు తడిసే ఇనుముకంటే, చూరు కింద తడవకుండా ఉన్న ఇనుమే సముద్ర తీరంలో త్వరగా తుప్పు పట్టవచ్చు. వాన ఉప్పును కడిగివేస్తుంది, చూరు కింద కడిగే వారుండరు. కాబట్టి నెలకొకసారి మంచినీటితో షట్టరును కడిగి పొడిగుడ్డతో తుడవడం ఉత్తమం. బోరు నీరు ఉప్పగా ఉన్నచోట దానితో కడగడం మాత్రం ఉప్పును తెచ్చి పూయడమే.

తుప్పు ముందుగా అడుగు పట్టీకి పడుతుంది. వాకిలి కడిగిన నీరు, కళ్ళాపి నీరు, వీధి మట్టి అక్కడే నిలుస్తాయి. రంగు పైకి బాగానే కనిపిస్తున్నా పట్టీ లోపలి వైపు చిల్లులు పడి ఉండవచ్చు, అందుచేత లోపలినుండి చూడాలి. అడుగు పట్టీ బలహీనపడితే తాళం పడే చోటు కూడా బలహీనపడుతుంది. తుప్పును గీకి, తుప్పు నిరోధక పూత వేసి, దాని మీద రంగు వేయాలి. తుప్పు మీదనే వెండి రంగు పూయడం పండుగనాటి ముస్తాబు మాత్రమే. కొత్తగా కొనేవారు జింకు పూత గల పట్టీలు అడగడం మంచిది. పూత గీచుకుపోయిన చోట సైతం జింకు తాను కరిగి ఇనుమును కాపాడుతుంది.

పక్కల నిలువుగా ఉండే గాడుల విషయంలో మన ఊళ్ళలో ఒక తప్పుడు అలవాటు ఉంది. మెకానిక్కు దుకాణం నుండి వాడిన ఇంజను ఆయిలు తెచ్చి గాడుల నిండా పోస్తారు. వారం రోజులు షట్టరు వెన్నలా జారుతుంది. ఆ తరువాత వీధి దుమ్ము, ఊక, ఇసుక ఆ నూనెకు అంటుకొని ముద్దవుతాయి. ఆ ముద్ద రేకు అంచులను ఆకురాయిలా అరగదీస్తుంది. ముందుగా గాడులను కుంచెతో పొడిగా శుభ్రం చేయాలి. పాత జిడ్డు ఉంటే కిరసనాయిలు గుడ్డతో తుడిచి ఆరనివ్వాలి, ఆ సమయంలో దీపం, బీడీ దగ్గరకు రానీయరాదు. పిమ్మట కుట్టు మిషనుకు వాడే పలుచని నూనె గుడ్డతో అద్దితే చాలు. చిక్కని గ్రీజు బేరింగులకు, అది కూడా పనివాడు విప్పినప్పుడు. ఆముదం, కొబ్బరినూనె కాలక్రమంలో జిగురుగా మారతాయి కనుక పనికిరావు. గోడకు సిమెంటు పూత జరిగినప్పుడు గాడిలో పడి గట్టిపడిన బెడ్డలు కూడా షట్టరు ఒకవైపుకు వాలడానికి కారణమవుతుంటాయి. పైకప్పు రేకులో పిచ్చుకలు కట్టిన గూళ్ళ సంగతి వేరు. పిల్లలు ఎగిరిపోయే వరకు ఆగి తీయించుకుంటే ఇద్దరికీ క్షేమం.

తుఫాను గాలి ఈ ప్రాంతానికి పరిచితమే. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన తుఫానును కోనసీమలోను, యానాంలోను చూసినవారు నేటికీ తలచుకుంటారు. పెనుగాలికి షట్టరు మధ్యభాగం లోపలికి వంగుతుంది. ఆ వంపు వల్ల అంచులు గాడుల నుండి ఊడివస్తాయి. ఊడిన తరువాత లోపలికి చొరబడిన గాలి పైకప్పును కిందినుండి ఎత్తుతుంది. రేకుల ఇల్లయితే కప్పు లేచిపోయేది తరచు ఇలాగే. కేంద్ర ప్రజాపనుల శాఖ నిర్దేశాలలో మూడున్నర మీటర్ల వెడల్పు వరకు గాడి లోతు 65 మిల్లీమీటర్లు, అంతకు మించితే 75 మిల్లీమీటర్లు ఉండాలని ఉంది. కొనేటప్పుడు రేకు గేజి అడిగేవారు ఉన్నారు గాని గాడి లోతు కొలిచేవారు అరుదు. పట్టీల చివర బిగించే చిన్న ఇనుప బిళ్ళలు రేకు పక్కకు జరగకుండా ఆపుతాయి. అవి ఊడిపోతే వెంటనే వేయించుకోవాలి.

వరదది మరొక తీరు. 2022 జూలైలో ధవళేశ్వరం వద్ద 25 లక్షల క్యూసెక్కులకు పైగా ప్రవాహం వచ్చినప్పుడు యానాంలోని పల్లపు వీధులు నీట మునిగాయి. అటువంటి వరద తీసిన తరువాత గాడులలో మిగిలే ఒండ్రు తడిగా ఉన్నప్పుడు వేలితో తీయవచ్చు, ఎండిన తరువాత ఇటుకతో సమానం. నీరు తీసిన రోజునే మంచినీటితో గాడులు, తాళాలు కడిగి, ఆరిన తరువాత తాళాలలో నూనె వేయాలి. కడగకుండా ఎత్తితే పట్టీలు వంకరపోతాయి. వరద హెచ్చరిక వినగానే వాహనాన్ని ముందుగా మెరక ప్రదేశానికి తరలించడం మరువరాదు. బురద పట్టిన షట్టరు వెనుక చిక్కిన వాహనాన్ని అవసర సమయంలో బయటకు తీయడం సాధ్యం కాదు.

ఇటీవల మోటారుతో నడిచే షట్టర్లు కూడా వస్తున్నాయి.  స్ప్రింగు పాడైన షట్టరుకు మోటారు బిగిస్తే బరువు సమస్య తీరుతుందనుకోవడం పొరపాటు. మనిషి చేతికి బరువు తెలుస్తుంది, అడ్డం తగిలితే చేయి ఆగుతుంది. మోటారుకు ఆ తెలివి మనం సమకూర్చాలి. అమెరికాలో పిల్లలు గ్యారేజీ తలుపుల కింద చిక్కి మరణించిన కారణంగా, 1993 జనవరి 1 నుండి తయారయ్యే ఇళ్ళ గ్యారేజీ మోటార్లన్నిటికీ, అడ్డం తగిలితే తలుపు వెనక్కి మళ్ళే ఏర్పాటు ఉండాలని చట్టం చేశారు. మోటారు కొనేవారు, కిందినుండి ఎవరైనా దాటుతుంటే కాంతి కిరణంతో కనిపెట్టి ఆపే పరికరం ఉన్నదా అని అడగాలి. విద్యుత్తు పోయినప్పుడు చేతితో నడిపే గొలుసు ఉన్నదా అన్నది రెండవ ప్రశ్న. మీట పిల్లలకు అందని ఎత్తున, షట్టరు కనిపించే చోట ఉండాలి. దూరం నుండి నొక్కే రిమోటు పిల్లల ఆటవస్తువులలో చేరకూడదు.

పిల్లలు దిగుతున్న షట్టరు కింది నుండి దూరడం, అడుగు పట్టీని పట్టుకొని వేలాడుతూ పైకి పోవడం ఆటగా భావిస్తారు. వేలాడిన ప్రతిసారీ స్ప్రింగు మీద ఇరవై ముప్పై కిలోల అదనపు భారం పడుతుంది. పట్టీల సందులలో వేళ్ళు నలగడం తరచు జరిగే గాయం. షట్టరు ఎత్తడానికి, దించడానికి అడుగు పట్టీకి ఉన్న పిడిని, చివర కొక్కెం ఉన్న కడ్డీని మాత్రమే వాడాలి. పిడి విరిగి నెలలు గడిచినా పట్టీల సందులో వేళ్ళు పెట్టి లాగుతూ కాలం వెళ్ళబుచ్చే ఇళ్ళవారు, పనివాడిని పిలిచిన రోజున ముందుగా బాగుచేయించవలసినది ఆ పిడినే.