ఇంటర్నల్ మార్కులకు లెక్క చెప్పమని అడుగుదాం

రాత పరీక్షలో 70కి 58 తెచ్చుకున్న విద్యార్థికి ఇంటర్నల్స్‌లో 30కి 12 వేశారనుకుందాం. ఎందుకని అడిగితే ‘ఓవరాల్‌గా చూసి వేశాం’ అంటారు. ఆ ‘ఓవరాల్’లోనే కులం దాక్కుంటుందని మేం అంటున్నాం.

ఇది ఊరికే అనుమానం కాదు. ప్రాక్టికల్స్‌లో, వైవాల్లో తమపై వివక్ష ఉందని ఢిల్లీ ఎయిమ్స్‌లోని ఎస్సీ, ఎస్టీ విద్యార్థులు 2007లోనే థోరట్ కమిటీ ముందు చెప్పారు. జేఎన్‌యూలో 2016లో అబ్దుల్ నఫే కమిటీ ప్రవేశాల వైవా మార్కులను 30 నుంచి 15కి తగ్గించమంది.

రెమా హన్నా, లీ లిండెన్ అనే ఆర్థికవేత్తలు మన దేశంలోనే ఒక ప్రయోగం చేశారు. పిల్లల జవాబు పత్రాల మీద కులాన్ని లాటరీ పద్ధతిలో రాసి టీచర్ల చేత దిద్దించారు. అణగారిన కులం పేరున్న పత్రాలకు కొంచెం తక్కువ మార్కులు పడ్డాయి. తేడా చిన్నదే. అది ఎక్కువగా అణగారిన కులాల టీచర్ల దిద్దుబాటులోనే కనబడింది (మనకు మింగుడుపడని మాటే, అయినా దాచకూడదు). దిద్దడం మొదలుపెట్టినప్పుడు, అంటే కొలత ఇంకా కుదురుకోనప్పుడు, తేడా ఎక్కువ.

మరి కొలత ముందే రాసిపెట్టుకుంటే? అమెరికాలో డేవిడ్ క్విన్ 2020లో ప్రచురించిన పరిశోధనలో, ఒకే చిన్నపిల్లాడి రాతను నల్లజాతి పేరుతో, తెల్లజాతి పేరుతో టీచర్లకిచ్చారు. ‘తరగతి స్థాయికి తగ్గట్టుందా’ అని పైపైన అడిగితే నల్లజాతి పేరుకు అన్యాయం జరిగింది. వివరమైన ప్రమాణాలిస్తే ఆ తేడా కనబడలేదు.

ఈ ప్రమాణాల పట్టికనే రూబ్రిక్ అంటారు. ‘ఆధారాలు: 6 మార్కులు’ అని రాస్తే సరిపోదు. ప్రతి వాదనకూ ఆధారం చూపితే 6, ఆధారాలుండీ వాదనతో ముడిపడకపోతే 3, అసలు లేకపోతే 0 అని విడమరచాలి. అప్పుడే విద్యార్థి తన పేపరు పక్కన పెట్టుకుని లెక్క చూసుకోగలడు.

అయితే రూబ్రిక్‌లోనూ కులం దూరుతుంది. ‘కాన్ఫిడెన్స్ 5, కమ్యూనికేషన్ 5’ అన్న గడులు చూడండి. తెలుగు మీడియంలో చదివి వచ్చిన అమ్మాయి ఇంగ్లీషు యాసకు అక్కడే కోత పడుతుంది. ఆ గడులు తీసేయాలి, లేదా దేన్ని కొలుస్తున్నారో రాయాలి. అసైన్‌మెంట్లయితే పేరు తీసేసి నంబరుతో దిద్దొచ్చు. వైవాలో మనిషి ఎదురుగానే ఉంటాడు కాబట్టి ఇద్దరు పరీక్షకులు ఒకరితో ఒకరు మాట్లాడుకోకముందే విడివిడిగా షీటు నింపాలి.

విద్యార్థి సంఘాలు ఈ పట్టికను ఫలితాలొచ్చాక కాదు, సెమినార్ టాపిక్ ఇచ్చిన రోజే హెచ్‌ఓడీని రాతపూర్వకంగా అడగాలి. నింపిన షీటు కాపీ విద్యార్థికి ఇవ్వాలన్న మాట కూడా ఆ దరఖాస్తులోనే ఉండాలి.