ఒంటి దోనె – వయసు లెక్క

(బి.ఎస్సీ. ద్వితీయ సంవత్సరం)

ఈత, సైకిలు, దోనె – ఈ మూడూ ఒకసారి వచ్చాయంటే చచ్చేదాకా పోవని మా వైపు పెద్దల మాట. సైన్సు చదువుకుంటున్నవాణ్ణి గనుక ఈ మాటలో నిజమెంతో చూద్దామనిపించింది. చూస్తే సగం నిజమని తేలింది. తక్కిన సగం తెలియక కొందరు పెద్దవాళ్లు నీళ్లలో పడుతున్నారు. అదే తెలియక ఇంకొందరు నీళ్లకు పూర్తిగా దూరమై అరుగుల మీద కూర్చుండిపోతున్నారు. మొదటి నష్టం అందరికీ కనిపిస్తుంది. రెండోదాన్ని ఎవరూ నష్టమనుకోరు.

దోనె ఎరగని మిత్రుల కోసం రెండు మాటలు. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ కొల్లేరు ఉంది. బుడమేరు, తమ్మిలేరు అందులో కలుస్తాయి. ఉప్పుటేరు ఆ నీటిని సముద్రానికి చేరుస్తుంది. 1999లో దీన్ని అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలోకి ఎక్కింది. లోతు తక్కువైన ఈ నీళ్లలో తరతరాలుగా తిరిగేది తాటి దోనె. తాటిచెట్టు ఏకదళబీజ జాతిది. దాని మానులో గట్టి నారంతా అంచున చేరి, నడుమ మెత్తటి గుజ్జు ఉంటుంది. లావుపాటి మొదలు నరికి, లోపలి మెత్తదనాన్ని తొలిచేస్తే మిగిలేదే దోనె. ఒక్క మనిషి నిలబడి గెడ వేసుకుంటూ పోవచ్చు. లోతున్నచోట కూర్చుని తెడ్డు వెయ్యవచ్చు. పాశ్చాత్యులు 'కెనూ' అని చెప్పుకునేది దీని చుట్టమే.

మా తాతయ్యకిప్పుడు అరవై ఏడు. వయసులో ఉండగా పొలానికీ, గడ్డికీ దోనె మీదే వెళ్లేవాడట. మా ఊరికి రోడ్డు పడ్డాక మానేశాడు. ఇరవై ఏళ్లు గడిచాయి. నిరుడు నాయనమ్మ పోయాక మనిషి మాట తగ్గించేశాడు. ఒకనాడు ఉన్నట్టుండి "దోనె ఒకటి చూడండ్రా, కాలవ మీద తిరిగొస్తాను" అన్నాడు. ఇంట్లో పెద్ద గొడవ. "ఈ వయసులో నీళ్లతో ఏంటి నాన్నా, పడితే ఎవరు చూస్తారు?" అని మా నాన్న. "చెయ్యి మరిచిపోదురా" అని తాతయ్య. ఇద్దరి మాటలోనూ న్యాయముంది. అదెలాగో చెప్పడమే ఈ వ్యాసం పని.

మరిచిపోనిది ఏమిటి?

ఊరిపేర్లు, తేదీలు గుర్తుపెట్టుకునే జ్ఞాపకం వేరు, చేతిపని జ్ఞాపకం వేరు. రెండోదానిలో అనుమస్తిష్కానికి, మెదడు లోతుల్లోని కొన్ని కేంద్రాలకు ముఖ్యమైన పాత్ర ఉంది. ఏళ్ల తరబడి చేసిన పని అక్కడ గట్టిగా నాటుకుంటుంది.

ఉదాహరణకు తెడ్డు సంగతే చూడండి. దోనె కుడిపక్కన తెడ్డు వేస్తే ముక్కు ఎడమకు తిరుగుతుంది. బలం నడిమి గీత మీద కాక పక్కన పడడమే దానికి కారణం. మనం లాబులో చదివే 'టార్క్' ఇదే. ఇద్దరుంటే చెరో పక్కా వేసి సరిచేసుకుంటారు. ఒంటరివాడు పక్కలు మారుస్తూ ఉండాలి. లేదా ప్రతి వేటు చివరా తెడ్డు ఆకును తిప్పి, నీటిని కాస్త బయటికి నెట్టాలి. కొత్తవాడికి ఇది పట్టుబడడానికి చాలా రోజులు పడుతుంది. పాతవాడు తాను చేస్తున్నట్టు కూడా ఎరక్కుండానే చేసేస్తాడు. తాతయ్య మాటలో నిజం ఇది.

పోయింది ఏమిటి?

ముప్ఫై దాటాక పదేళ్లకు సుమారు 3 నుంచి 8 శాతం చొప్పున కండ తరుగుతుందని శరీరశాస్త్రం లెక్క. అరవై తర్వాత ఆ తరుగు ఇంకా జోరుగా ఉంటుంది. అందులోనూ చటుక్కున కదలడానికి పనికొచ్చే వేగపు కండపోగులు ముందు సన్నబడతాయి. దోనె ఒరిగినప్పుడు ఒళ్లు రెండోవైపుకు లాక్కోవాలంటే కావలసినవి సరిగ్గా అవే! లోపలి చెవిలోని అర్ధవర్తుల కుల్యలు, పాదాల స్పర్శ, చూపు – ఈ మూడూ కలిసి మనల్ని నిలబెడతాయి. వయసుతో మూడూ కొంచెం కొంచెం మొద్దుబారతాయి. ఏం చెయ్యాలో మెదడుకు తెలుసు, ఒళ్లు అందుకోవడమే ఆలస్యం. మా నాన్న భయంలో నిజం ఇది.

మరొకటుంది. చాలాసేపు కూర్చుని దిగ్గున లేస్తే పెద్దవాళ్లకు రక్తపోటు పడిపోయి కళ్లు తిరగవచ్చు. బి.పి. మాత్రలు వాడేవారిలో కొందరికి ఇది ఎక్కువ. అందువల్ల నడికాలవలో ఉన్నప్పటికన్నా ఒడ్డున దిగేటప్పుడే ఎక్కువ జాగ్రత్త అవసరం.

లెక్క ఏమంటుంది?

నీటి మీద తేలే వస్తువు నిలకడ రెండింటి మీద ఆధారపడుతుంది. ఒకటి గరిమనాభి ఎత్తు, రెండోది నీటిమట్టం దగ్గర వెడల్పు. మాటవరసకు 60 కిలోల మనిషి, 40 కిలోల దోనె అనుకుందాం. నిలబడితే మనిషి గరిమనాభి దోనె అడుగు నుంచి 90 సెంటీమీటర్ల ఎత్తున, దోనెది 15 సెంటీమీటర్ల ఎత్తున ఉన్నాయనుకుంటే, రెండూ కలిపి 60 సెంటీమీటర్లు వస్తుంది. అదే మనిషి అడుగున కూర్చుంటే అతని గరిమనాభి సుమారు 25కు దిగుతుంది. అప్పుడు మొత్తం లెక్క 21 సెంటీమీటర్లే! పైసా ఖర్చు లేకుండా మూడింట రెండు వంతుల ఎత్తు తగ్గిపోయింది.

ఇక వెడల్పు. దానివల్ల వచ్చే నిలకడ వెడల్పు ఘనాన్ని బట్టి పెరుగుతుంది. వెడల్పు ఐదోవంతు పెంచితే 1.2 × 1.2 × 1.2, అంటే 1.728. ఐదోవంతు వెడల్పుకు దాదాపు 73 శాతం లాభం! మన పూర్వులు ఘనాలు కట్టకుండానే దీన్ని కనిపెట్టి, బరువులు మొయ్యడానికి రెండేసి దోనెలు జతకట్టి 'సంగడి' చేసేవారు.

ఈ లెక్కంతా కాగితం మీద వేసి చూపిస్తే తాతయ్య, "బాగానే ఉందిరా. కూర్చుంటే కిక్కిస గడ్డిలో దారెలా కనపడుతుందీ?" అన్నాడు. ఆ ప్రశ్నకు నా పుస్తకంలో జవాబు లేదు. గడ్డి లేని కాలవ దారి ఎంచుకోవడం, అడుగున చిన్న పీట వేసుకోవడం అనే రాజీ ఆయనే సూచించాడు.

వెనక కొసన ఒక్కడే కూర్చుంటే ముందు ముక్కు పైకి లేస్తుంది, గాలి దాన్ని ఇష్టమొచ్చినట్టు తిప్పేస్తుంది. కాబట్టి ఒంటరివాడు నడిమికి జరిగి కూర్చోవాలి. లేదా ముందువైపు నీళ్లు నింపిన క్యాను ఒకటి పెట్టుకోవాలి.

దారి చూపినవాళ్లు

ఈ సమస్య మన ఒక్కరిదే కాదు. అమెరికాలో నెస్‌మక్ అనే కలం పేరుతో రాసిన జార్జి వాషింగ్టన్ సియర్స్ అనే ఆయన ఉండేవాడు. పొట్టి మనిషి, బక్కప్రాణి, పైగా ఊపిరితిత్తుల జబ్బు. ఆడిరాండాక్ అడవుల్లో బరువు పడవలు మొయ్యలేక, రష్టన్ అనే పడవల మేస్త్రీ చేత తన ఒంటికి తగ్గ పడవ చేయించుకున్నాడు. దాని బరువు పదిన్నర పౌన్లు, అంటే ఐదు కిలోలలోపే. 1883లో, అరవై ఒకటో ఏట, దాంతో ఒంటరిగా 266 మైళ్ల యాత్ర చేశాడు. తన ఒంట్లో లేని బలాన్ని పడవ అడగకుండా చూసుకున్నాడు, అంతే.

పోలెండు దేశపు అలెగ్జాండర్ డోబా కయాక్‌లో అట్లాంటిక్ మహాసముద్రాన్ని ఒంటరిగా మూడుసార్లు దాటాడు. మూడోసారి 2017లో ఒడ్డు చేరేనాటికి డెబ్బై ఒకటి నిండడానికి కొద్ది రోజులే ఉంది. అందరూ డోబాలు కానక్కరలేదు. వయసొక్కటే అడ్డుగోడ కాదని ఒప్పుకుంటే చాలు.

మా ఇంట్లో జరిగింది

ముందు డాక్టరుగారికి చూపించాం. మాత్రల వేళ, దిగేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్త ఆయన చెప్పారు. తర్వాత మొదలు లావుగా ఉన్న వెడల్పాటి పాత దోనె ఒకటి దొరికింది. మొదటి పదిహేను రోజులూ పావుగంటకు మించలేదు. కండ తొందరగా కోలుకుంటుంది గాని, భుజాల్లోని స్నాయువులు నెమ్మదిగా గాని గట్టిపడవు. తొందరపడితే అవే ముందు దెబ్బతింటాయి. చేతులతో లాగడం తగ్గించి నడుం తిప్పి వెయ్యడం మేలు. గుర్రపుడెక్క పేరుకున్నచోటికి, గాలి లేచిన సాయంత్రాల్లోనూ వెళ్లకూడదని నియమం పెట్టుకున్నాం.

లైఫ్ జాకెట్టు దగ్గర మాత్రం పేచీ వచ్చింది. ఈత వచ్చినవాడికెందుకని ఆయన వాదన. మనిషి సాంద్రత నీటి సాంద్రతకు చాలా దగ్గర. తల పైన ఉంచడానికి సుమారు ఏడు కిలోల ఉత్ప్లవన బలం అదనంగా ఉంటే సరిపోతుంది. ఈత వచ్చినా కళ్లు తిరిగినవాడు ఈదలేడు గదా! ఈ మాటతో తాతయ్య జాకెట్టుకు ఒప్పుకున్నాడు. ఇప్పుడు వారానికి మూడు పొద్దులు కాలవ మీద ఉంటున్నాడు. మా నాన్న పొలం పనుల వంకతో ఆ గట్టునే తచ్చాడుతుంటాడు. ఇద్దరికీ సంగతి తెలుసు, ఇద్దరూ ఆ మాట ఎత్తరు.

తెలుగులో 'సంగడి' అన్నమాటకు జతకట్టిన దోనెలు అనే అర్థమే కాక చెలిమి అనే అర్థం కూడా ఉంది. ఒంటి దోనెలో మనిషి ఒక్కడే ఉంటాడు, గట్టున మాత్రం ఒకరుండాలి. మిత్రులారా! సెలవులకు ఇళ్లకు వెళ్లినప్పుడు మీ ఇంటి పెద్దలు దోనె, సైకిలు, చెరువులో ఈత, ఏది మళ్లీ మొదలెడతానన్నా, "వద్దు" అనే ముందు "ఎలాగ?" అని అడిగి చూడండి. మనం చదివిన సైన్సు ఆ రెండో ప్రశ్నకే పనికొస్తుంది. "వద్దు" అనడానికి డిగ్రీ ఎందుకు?