హార్మోనియంని కూడా గెంటేశారు!

కొండపల్లి షాబుఖారీ బాబా ఉర్సు అనగానే పెద్దవాళ్లకి ఖవ్వాలీ, హార్మోనియం గుర్తొస్తాయి. ఇంట్లో పిల్లాడు ఫోన్‌లో ర్యాప్ పెడితే మాత్రం "ఇదీ ఒక పాటేనా" అని తీసిపారేస్తారు. సంగీతమే వద్దనే ఇళ్ల సంగతి వేరు, అది దీన్‌కి సంబంధించిన మాట. ఇక్కడ చెప్పేది పాటలు వింటూనే పక్కవాడి పాటని ఈసడించేవాళ్ల గురించి.

నిజానికి హార్మోనియంకీ ఒకప్పుడు ఇదే గతి పట్టింది. 1940లో ఆలిండియా రేడియో దాన్ని నిషేధించింది. గమకం పలకదని, విదేశీ పెట్టె అని వంక పెట్టారు. ముప్పై ఏళ్ల దాకా తలుపు తియ్యలేదు.

తర్వాతి వంతు సినిమా పాటది. 1952లో సమాచార మంత్రి అయిన బి.వి. కేస్కర్ శాస్త్రీయ సంగీత అభిమాని. ఆయన హయాంలో రేడియోలో సినిమా పాట దాదాపు ఆగిపోయింది. జనం మారారా? లేదు, ముల్లు రేడియో సిలోన్‌కి తిప్పారు. అమీన్ సయానీ బినాకా గీత్‌మాలాకి ఊళ్లకి ఊళ్లే అతుక్కుపోయాయి. చివరికి 1957 అక్టోబర్ 3న సర్కారే వివిధ భారతి పెట్టి ఆ పాటలు వినిపించాల్సి వచ్చింది.

అప్పట్లో చవకబారు అన్న ఆ పాటల్నే ఇప్పుడు తాతలు "పాతబంగారం" అంటూ మనవల ముందు పెడుతున్నారు.