మధుమేహముగల శునకమునకు ఇంటియందు రక్తపరీక్ష

గత సంవత్సరము ఒక సోమవారము మా ప్రయోగశాలలో బెనెడిక్టు ద్రావకముతో చక్కెరను కనుగొను విధమును విద్యార్థులకు చూపుచుంటిని. నీలముగా నుండు ఆ ద్రావకమునందు చక్కెరగల ద్రవమును కొన్ని చుక్కలు వేసి కాచినచో, చక్కెర కొంచెముగా నున్న ఆకుపచ్చగను, హెచ్చిన పసుపుపచ్చగను, మిక్కుటమైన ఇటుక యెరుపుగను మారును. పాఠము ముగిసిన పిమ్మట ఒక బాలుడు వెనుకబడి నిలిచి, సంచిలోనుండి రెండు చిన్న సీసాలు తీసి బల్లపై నుంచెను. "ఇవి మా కుక్క మూత్రమండీ. ఒకటి నిన్న ఉదయము పట్టినది, ఒకటి మధ్యాహ్నము పట్టినది. పరీక్షించి చూతమా?" అని యడిగెను. ఆ రాత్రి వానిని తల్లికి తెలియకుండ ఫ్రిజ్జులో దాచెనట! ఆ సంగతి ఆమెకు నేటికిని తెలియదనియే తలంచుచున్నాను.

రెండింటిని వేర్వేరు పరీక్షనాళికలలో కాచితిమి. ఉదయపుది చూచుచుండగనే ఇటుక యెరుపుదేరెను. మధ్యాహ్నపుది నీలముగనే నిలిచెను. బాలుని ముఖము వికసించెను. "మధ్యాహ్నము చక్కెర లేనే లేదు గదండీ! మందు బాగుగ పనిచేయుచున్నట్లే గదా?" అనెను. నాకు మాత్రము ఆ నీలిరంగు సంతోషము కలిగింపలేదు. ఏలయన, ఆ రంగు రక్తములో చక్కెర మితిమీరలేదని చెప్పునే గాని, ప్రాణము నిలుచుటకు చాలినంత యున్నదని చెప్పదు. నాటినుండి ఆ యింటివారును నేనును నేర్చుకొనిన సంగతులను, కుక్కలను పెంచు చదువరుల యుపయోగార్థము ఇచ్చట వ్రాయుచున్నాను.

తిన్న ఆహారమునుండి పుట్టిన చక్కెర రక్తమున గలిసి శరీరమంతట తిరుగును. కండరములు మొదలగునవి దానిని లోనికి గ్రహింపవలెనన్న, క్లోమమను గ్రంథి స్రవించు ఇన్సులిన్ అవసరము. ఆరోగ్యముగల కుక్క రక్తములో 100 మిల్లీలీటర్లకు సుమారు 80 మొదలు 120 మిల్లీగ్రాముల వరకు చక్కెర యుండును. ఇన్సులిన్ కొరవడినచో అది 300, 400 దాటిపోవును. 180కిని 220కిని నడుమ ఒక మేర గలదు. దానిని దాటగనే మూత్రపిండములు చక్కెరను నిలుపజాలక మూత్రములోనికి విడుచును. ఆ చక్కెర తనతో నీటినికూడ లాగుకొనిపోవును. అందుచేత కుక్క మాటిమాటికి మూత్రము విడుచును, ఎడతెగక నీరు త్రాగును, ఎంత తినినను చిక్కిపోవును. మూత్రమునకు చీమలు మూగుటను ఈ జాతి రోగముల లక్షణముగా చరకసంహిత యేనాడో గుర్తించినది.

మనుష్యులలో మధుమేహులనేకులు మాత్రలతో కాలము గడుపగలరు. కుక్కల సంగతి వేరు. వాని క్లోమము సామాన్యముగా ఇన్సులిన్‌ను చేయు శక్తినే పోగొట్టుకొనును గనుక, దినమునకు రెండుసార్లు, పండ్రెండు గంటల యెడముతో, భోజనముతో గూడ సూదిమందు వేయుచుండవలెను. నడివయసు దాటినవానికి ఈ రోగము హెచ్చు. గర్భాశయము తీయింపని ఆడుకుక్కలకు మరింత హెచ్చు. ఎదకాలము ముగిసినపిదప వాని శరీరమున హెచ్చు హార్మోనులు ఇన్సులిన్ పనికి అడ్డుపడుటయే దీనికి కారణము. మన బాలుని కుక్క అట్టిదే. పేరు మల్లి; తెల్లని పొమేరియను; తొమ్మిదేండ్లది; తొమ్మిది కిలోల బరువు.

పశువైద్యుడు పూటకు 4 యూనిట్ల ఇన్సులిన్‌తో చికిత్స ఆరంభించెను. ఇంటి యజమాని, అనగా బాలుని తండ్రి, తానును మధుమేహియే. తన మీటరుతోనే ప్రతి ఉదయము భోజనమునకు ముందు మల్లి రక్తమును చూచుచుండెను. సంఖ్య 300కు తగ్గకుండెను. తన యనుభవమును నమ్మి, వైద్యు నడుగకయే, ఒక్కొక్క యూనిటు చొప్పున పెంచి 7 యూనిట్లకు తెచ్చెను. పెంచినకొలది ఉదయపు సంఖ్య తగ్గుటకు మారుగా మరింత హెచ్చెను. ఇంతలో ఒకనాడు మధ్యాహ్నము మల్లి పెరటిలో తూలి పడెను. ఎండదెబ్బ యనుకొని నీళ్లు చల్లిరి. కొంతసేపటికి లేచి తిరిగెను గనుక అందరును ఆ సంగతి మరచిరి. నేను నీలిరంగు జూచి భయపడుటకు కారణ మిదియే. బాలుడు ఆ తూలుటనుగూర్చి మాటవరుసకు చెప్పియుండెను.

మూత్రపరీక్ష యొక్క లోపము గ్రహింపదగినది. మూత్రకోశములో నున్నది గడచిన కొన్ని గంటల మిశ్రమము. అదిగాక, రక్తములో 150 ఉన్నను 50 ఉన్నను మూత్రము నీలముగనే తేలును. 150 క్షేమము, 50 ప్రాణాపాయము. ఈ రెంటిని వేరుపరచి చూపునది రక్తమొక్కటే. ఆ సాయంకాలమే బాలుని వెంట వారి యింటికిబోయి, దినమంతయు రెండేసి గంటలకొకసారి రక్తమును పరీక్షించి గ్రాఫు గీయుదమని తండ్రితో చెప్పితిని. ఆయన సందేహించి, "కుక్కను అన్నిసార్లు గ్రుచ్చుట పాపము కాదాండీ?" అనెను. పశువైద్యుడు ఫోనులో మా యుద్దేశమును మెచ్చుకొని, ఆసుపత్రికి తెచ్చిన కుక్క భయపడి సరిగా తినదనియు, తినని కుక్క రక్తము ఇంటి సంగతిని చెప్పదనియు, ఇంట తీసినదే మేలనియు సెలవిచ్చెను. కుక్కలకై సరిచేసిన మీటరు నొకదానిని కొన్ని దినములకు ఎరువుగా నిచ్చెను.

ఆ ప్రత్యేకమైన మీటరెందుకని చదువరు లడుగవచ్చును. మనుష్యుని రక్తములో చక్కెర దాదాపు పాతికకు పది పాళ్లు ఎర్రకణములలో నుండును; కుక్క రక్తములో ఎనిమిదవ వంతు మాత్రమే కణములలో నుండి, తక్కినదంతయు ద్రవభాగమున నుండును. మనుష్యులకై లెక్కగట్టిన యంత్రము ఈ భేదము నెరుగదు గనుక కుక్క రక్తమును తరచుగా ఉన్నదానికంటె తక్కువగా చూపును. అట్టి యంత్రము బొత్తిగా పనికిరాదని కాదు. ఎప్పుడును ఒకే యంత్రమును వాడుచు, దాని పోకడ వైద్యునికి తెలియజేయుట యవసరము.

రక్తము తీయుట యనుకొన్నంత కష్టము కాదు. చెవి అంచు వెంబడి సన్నని సిర యొకటి పోవును. గోరువెచ్చని నీటిలో ముంచి పిండిన గుడ్డను చెవికి ఒక నిమిషము ఆనించినచో రక్తము ఆ ప్రక్కకు చేరును. చెవి వెనుక దూదియుండ నుంచి, వ్రేలితో అదిమిపట్టి, లాన్సెట్టు అను చిన్న సూదితో అంచున ఒక్కసారి గ్రుచ్చవలెను. ఆవగింజకంటె చిన్న చుక్క చాలును. స్ట్రిప్పు కొనను దానికి తాకించిన, అది తానే రక్తమును పీల్చుకొనును. దానిపై చుక్కను రుద్దరాదు. స్పిరిటుతో తుడిచినయెడల పూర్తిగా ఆరనీయవలెను, లేనిచో లెక్క చెడును. చెవి నీయని కుక్కకు పై పెదవి లోపలి ప్రక్క గాని, ముంగాలి మెత్త గాని తగును. పిదప దూదితో ఒక నిమిషము నొక్కిపట్టి, ఉడికించిన కోడిమాంసము చిన్న ముక్క నోటికందింపవలెను. ఈ చివరి విధి తక్కినవానికంటె ముఖ్యమని మల్లి యభిప్రాయము.

సిరంజిని గురించికూడ ఒక మాట. మన మందుల దుకాణములలో మిల్లీలీటరునకు 40 యూనిట్ల ఇన్సులిన్ సీసాలును, 100 యూనిట్ల సీసాలును రెండును దొరకును. 40కి ఎర్రమూత సిరంజియు, 100కు నారింజ రంగు మూత సిరంజియు వాడుక. 100 యూనిట్ల సీసానుండి ఎర్రమూత సిరంజితో 4 గీతల వరకు తీసినవాడు 4 యూనిట్లు గాక 10 యూనిట్లు వేసినవాడగును! త్రైరాశికము తెలిసిన విద్యార్థులు సరిచూచుకొనవచ్చును.

నిర్ణయించిన ఆదివారము ఉదయము 7 గంటలకు, భోజనమునకును సూదికిని ముందు, మల్లి రక్తములో 342 ఉండెను. యథాప్రకారము అన్నము పెట్టి 7 యూనిట్లు వేసిరి. 9 గంటలకు 228. 11 గంటలకు 117. తండ్రి సంతోషించెను. వేగముగ దిగుచుండుటచే ఇకమీదట గంటగంటకును చూడవలెనంటిని. 12 గంటలకు 71. ఇంకొక అరగంటకు 58, వెనుకకాళ్లు వణకసాగెను. వెంటనే చిగుళ్లకు తేనె రాచి, అన్నము తినిపించితిమి. పది నిమిషములలో వణకు తగ్గెను. అటుపిమ్మట 3 గంటలకు 214, 5 గంటలకు 361, 7 గంటలకు 398. బాలుడు గ్రాఫు కాగితముపై చుక్కలను గలుపగా, నూతిలోనికి దిగి గోడపైకెక్కినట్టి గీత యేర్పడెను. తండ్రి ఆ కాగితమును చేతబట్టుకొని చాలసేపు మాటలాడకుండెను.

రక్తములో చక్కెర ప్రమాదకరముగా దిగినప్పుడు శరీరము ఊరకుండదు. అడ్రినలిన్ మొదలగు హార్మోనులు వెలువడి, కాలేయమునందు నిలువయున్న చక్కెరను రక్తములోనికి త్రోయును. అది మితిమీరి పైకెగసి గంటలకొలది నిలుచును. సోమోగీ యను రసాయన శాస్త్రజ్ఞుడు మనుష్యులలో దీనిని వివరించినందున ఆయన పేరిటనే వ్యవహరింతురు. ఆనాటి 398లో మేము పెట్టిన తేనెకును అన్నమునకును ఎంత పాలు గలదో, ఈ ప్రతిక్రియకు ఎంత పాలు గలదో విడదీసి చెప్పజాలము. కాని ఉదయపు సంఖ్య నొక్కదానినే చూచువానికి మధ్యాహ్నపు నూయి కనబడదనుట నిశ్చయము. హెచ్చు మోతాదువలన ఎగసిన చక్కెరను చూచి, మోతాదు చాలలేదని భ్రమించి మరల పెంచుట, కుక్కను ఆ నూతిలోనికి మరికొంత లోతుగా త్రోయుటయే.

దినమంతయు శునక రక్తమును పరీక్షించి గీత గీయుట క్రొత్త విద్య కాదు. ఇన్సులిన్ పుట్టుకయే ఆ విధముగ జరిగెను. క్లోమము తీసివేసిన కుక్కకు మధుమేహము వచ్చునని 1889లో స్ట్రాస్‌బర్గు నగరమున మింకోవ్‌స్కీ, ఫాన్ మేరింగు అను వైద్యులు కనుగొనిరి. 1921 జూలై 30వ తేదీన కెనడా దేశపు టొరంటో విశ్వవిద్యాలయమున బాంటింగు, బెస్టు అను నిరువురు అట్టి తెల్లని టెర్రియరు కుక్కకు క్లోమపు సారమును ఎక్కించిరి. దాని రక్తములోని చక్కెర 200 నుండి ఒక గంటలో 120కి దిగెను. ఆ దిగిన సంఖ్యయే వారికి దొరకిన తొలి సాక్ష్యము. ఆ కుక్క బ్రదుకలేదు. తరువాత మార్జరీ యను కుక్క క్లోమము లేకయే ఆ సారముతో సుమారు డెబ్బది దినములు జీవించెను. 1922 జనవరిలో పదునాలుగేండ్ల బాలుడు లియొనార్డు థాంప్సన్ ఆ మందును పొందిన తొలి మధుమేహి యయ్యెను. మల్లి యజమాని తాను నిత్యము వేసికొను సూదికి మూలము కుక్కలని అంతవరకు ఎరుగడు.

గీతను ఫోనులో పంపగా పశువైద్యుడు ఆ రాత్రినుండియే మోతాదును 5 యూనిట్లకు తగ్గించెను. ఆయన చెప్పిన నియమమిది: ఒక్క దినపు గీతను చూచి మోతాదు పెంచరాదు, ఏలయన అదే కుక్కకు అదే మందుతో రెండు దినముల గీతలు వేర్వేరుగా నుండవచ్చును, కాని ప్రమాదకరముగా దిగుట ఒక్కసారి కనబడినను వెంటనే తగ్గింపవలసినదే. మోతాదు మార్చిన తరువాత ఒకటి రెండు వారములు ఆగి మరల గీత తీయవలెను. దినములో మిక్కిలి దిగిన సంఖ్య 80కిని 150కిని నడుమ నుండుట మంచిది. పైసంఖ్య అప్పుడప్పుడు 200 దాటినను కంగారుపడ నక్కరలేదు. మధుమేహపు కుక్కను ఆరోగ్యముగల కుక్కతో సమానము చేయజూచువాడు దానిని మూర్ఛలపాలు చేయును.

పది దినముల తరువాతి గీత: ఉదయము 7 గంటలకు 246, పిదప రెండేసి గంటలకు 187, 139, 104, 128, 176, 231. మోతాదు తగ్గింపగా ఉదయపు సంఖ్యయు తగ్గెను. నాటి తండ్రి యాశ్చర్యము వర్ణింప నలవిగాదు. సంఖ్యలతోపాటు బాలుడు నీటినికూడ కొలుచుచుండెను: మునుపు దినమునకు 1400 మిల్లీలీటర్లు త్రాగు మల్లి 600కు వచ్చెను. కుక్క త్రాగు నీరు, తిను తిండి, బరువు, నడక, వీనిని వ్రాసియుంచని గీత సగము సాక్ష్యమే.

కుక్క తూలుట, వణకుట, వెర్రిచూపు చూచుట, మూర్ఛ, ఇవి చక్కెర దిగుటకు గురుతులు. స్పృహయున్నచో అన్నము పెట్టవలెను. లేనిచో తేనెగాని, నీటిలో కలిపిన గ్లూకోజుగాని చిగుళ్లకు రాచి, ఆసుపత్రికి గొనిపోవలెను. నోటిలో పోయరాదు, ఊపిరితిత్తులలోనికి పోవును. చక్కెరలేని మిఠాయిలలో వాడు జైలిటాల్ కుక్కలకు విషము; దానిని తాకనీయరాదు. భోజనము మానిన పూట పూర్తి మోతాదు వేయక వైద్యు నడుగవలెను. వాంతులు, నీరసము కలిగి చక్కెర హెచ్చుగనే యున్నచో మూత్రములో కీటోనులను స్ట్రిప్పుతో చూడవలెను. అవి కనబడినచో ఆలస్యము తగదు. చర్మమున కంటించు సెన్సారులు కూడ ఇప్పుడు కలవు. మనుష్యులకై చేసిన ఫ్రీస్టైల్ లిబ్రే వంటివి పదునాలుగు దినములవరకు పనిచేయునట్లు చేసినవి; కుక్క వానిని అంతకుముందే గోకి పారవేయుటయు గలదు. అవి కణముల నడిమి ద్రవమును కొలుచును గనుక రక్తముకంటె కొన్ని నిమిషములు వెనుకబడి చెప్పును. మిక్కిలి తక్కువ చూపినప్పుడు చెవి రక్తముతో సరిచూచుకొనుట మంచిది.

మల్లి చక్కెర అదుపులోనికి వచ్చెను గాని కన్నులు దక్కలేదు. మధుమేహముగల కుక్కలలో చాలభాగమునకు శుక్లములు పట్టును. ఆ నెలలలోనే దాని కండ్లు పాలవలె తెల్లబడెను. ఇప్పుడు గోడలు తాకకుండ మెల్లగా నడచును. మొన్న వారి యింటికి పోయినప్పుడు బాలుడు స్ట్రిప్పుల డబ్బా మూత తీసెను. ఆ చప్పుడు విని మల్లి వంటయింటి గుమ్మమునుండి తడవుకొనుచు వచ్చి, వాని మోకాలికి తల యానించి, తానే చెవి ముందుకు పెట్టెను.