అడవిదారి విమానములు: మన పనికి తగినది యేది?

గృహమునకు వలసిన యే వస్తువును కొనబోయినను తెలివిగల యిల్లాలు మొదట ధర యడుగదు. ఇది యెందుకు, ఎంతమందికి, ఎన్ని దినములకు అని తన్ను తానే ప్రశ్నించుకొనును. పెండ్లివంటకు గుండిగ వలయును; ఇరువురి యన్నమునకు చిన్న తపేలా చాలును. ఒక్కనాటి పెండ్లికై కొన్న గుండిగలో ఏడాది పొడుగునను ఇద్దఱికి వండుకొను నామెను చూచి మనము నవ్వుకొందుము. ఈ నీతి వంటపాత్రలకే గాక ఆకాశమున నెగురు విమానములకును వర్తించును.

విమానమును ఇంటిబండివలె కొనువారును కలరా యని యడుగుదురేమో! కలరు. ఉత్తర అమెరికా ఖండమున వాయవ్యమూల నున్న అలాస్కా రాష్ట్రము 17 లక్షల చదరపు కిలోమీటర్లకు మించిన వైశాల్యము గలది. అనగా మన భారతదేశములో సగమునకు పైగా నున్నది. అందలి యూళ్లలో నూటికి 80 ఊళ్లకు రహదారి లేదు. రాజధానియైన జూనో పట్టణమునకు సైతము ఓడమీదనో విమానముమీదనో పోవలసినదే గాని బయటినుండి బాట లేదు. పాలడబ్బాయైనను, మందుసీసాయైనను, టపాయైనను, నొప్పులు పడుచున్న గర్భిణియైనను అనేక గ్రామములకు గాలిదారినే రాకపోకలు చేయవలయును. అట్టిచోట విమానము విలాసవస్తువు కాదు. కుటుంబములు దానిని ఎన్నికచేసి కొనుచుండును. ఎన్నిక తప్పినచో నష్టము ధనముతో పోదు, ప్రాణముతో పోవును. కావున వారి యెన్నికలోని వివేకము మనమును తెలిసికొనదగినది.

వీని లక్షణములు

ఇంగ్లీషున బుష్ అనగా జనసంచారము లేని అడవియు, బీడును. అట్టి తావులలో తిరుగు విమానములకు బుష్ విమానములని పేరు. వీనికి ముఖ్యముగా మూడు గుణములు వలయును. నెమ్మదిగా పోవుచున్నను గాలిపట్టు తప్పరాదు; కొద్దిదూరము పరుగెత్తి పైకి లేవవలయును; రాళ్లురప్పలపై దిగినను విఱుగరాదు. రెక్కలు కూర్చుండు గదికి పైభాగమున నుండును. అందుచే పొదలు రాచుకొనవు. క్రింది నేలయు చక్కగా కనబడును.

వీనిలో పెక్కింటికి మూడవచక్రము ముక్కుక్రింద గాక తోకక్రింద నుండును. అప్పుడు ముక్కు ఎత్తుగా నిలుచుటచే పంకాకు రాళ్లు తగులవు. గోతిలోబడి ముందుచక్రపుకాలు విఱుగునను భయమును లేదు. అయితే తోకచక్రపు విమానము నేలమీద పెంకిది. బరువు ప్రధానచక్రములకు వెనుక నుండుటచే, నడుపువారు కొంచెము ఏమఱినను గిఱ్ఱున తిరిగిపోవును. కాబట్టి దానికి ప్రత్యేకశిక్షణ మవసరము. చదునైన పరుగుబాటలపైననే దిగువారికి ముందుచక్రము గలదియే సుఖము.

మొదటి ప్రశ్న: ఏమి మోయవలయును?

ప్రతి విమానమునకును ఇంతకు మించి బరువుతో లేవరాదని యొక హద్దు కలదు. ఆ హద్దులోనుండి వట్టి విమానపు బరువు తీసివేయగా మిగిలినదే మనకు దక్కు బరువు. అందులోనే మనుష్యులును, సామానును, పెట్రోలును ఇముడవలయును. ఈ తీసివేతలెక్క చేయలేనివారు విమానము కొనరాదు.

పైపర్ సూపర్‌కబ్ అను విమానము 1949వ సంవత్సరమున వెలువడినది. ఇనుపగొట్టముల చట్రముపై గుడ్డ బిగించి రంగుపూసిన తేలిక శరీరము. ఒకరి వెనుక నొకరుగా ఇద్దఱు కూర్చుండు చోటు. తరువాత వచ్చినవానిలో 150 అశ్వశక్తి గల యంత్రము నమర్చిరి. దాని బరువు హద్దు 1,750 పౌనులు. (పౌను అనగా అర కిలోకు కొంచెము తక్కువ.) పెద్దచక్రములు మొదలగునవి తగిలించిన వట్టి విమానము 1,050 పౌనులు తూగుననుకొందము. మిగిలినవి 700. దాని తొట్లలో పట్టు 36 గాలనుల పెట్రోలు, గాలను 6 పౌనుల చొప్పున, 216 పౌనులు. నడుపువాడు 180 పౌనులు, వెనుక కూర్చున్నామె 150 పౌనులు. ఇక సామానునకు మిగిలినవి 154 పౌనులే! గుడారము, దుప్పట్లు, పదిదినముల తిండి, పనిముట్లు అన్నియు అందులోనే. అలాస్కాలో చిన్నవిమానమెక్కు ప్రయాణికులను బరువెంతయని మొగమాటము లేక యడుగుట యిందువల్లనే.

నాలుగు ఆసనములు గల సెస్నా 180 అను విమానమును చూడుడు. ఇది 1953 మొదలు 1981 వఱకు తయారైనది. తరువాతివానిలో దక్కు బరువు సుమారు 1,100 పౌనులు. 170 పౌనుల చొప్పున నలుగురు పెద్దలు కూర్చుండి, 55 గాలనుల పెట్రోలు పోసికొన్నచో 1,010 పౌనులగును. అనగా నలుగురకును కలిపి 90 పౌనుల మూటలే! ఆసనములు నాలుగున్నవి గదా యని నలుగురును నాలుగు పెట్టెలతో బయలుదేరుట క్షేమము కాదు. మంచమున్నంతవఱకే కాళ్లు చాచుకొనవలెనని మన పెద్దలన్నమాట ఇచ్చట అక్షరాల సత్యము.

రెండవ ప్రశ్న: ఎక్కడ దిగవలయును?

ఏటియొడ్డున గులకరాళ్లపై నాలుగైదువందల అడుగులే చోటున్నచో సూపర్‌కబ్ వంటి తేలిక విమానమే తగును. వయోమింగు రాష్ట్రమందలి ఆఫ్టన్‌లో తయారగు ఏవియట్ హస్కీయు, వాషింగ్టను రాష్ట్రమందలి యాకిమాలో తయారగు కార్బన్‌కబ్‌ను ఈ తరగతివే. ఇద్దఱు మాత్రమే కూర్చుందురు.

చోటు పొడవుతో పాటు ఎత్తును, ఎండను లెక్కింపవలయును. ఎత్తుకు పోయినకొలది గాలి పలుచబడును; వేడిమిచే నింకను పలుచబడును. పలుచనిగాలిలో రెక్కలకు ఊతము తగ్గును, యంత్రమునకు బలము తగ్గును, పంకాకు పట్టు తగ్గును. ఐడహో రాష్ట్రమున జాన్సన్‌క్రీక్ అను పచ్చికబాట సముద్రమట్టమునకు 4,933 అడుగుల యెత్తున కొండలనడుమ నున్నది. అచట 30 డిగ్రీల యెండకాయు మధ్యాహ్నమున విమానము 8,000 అడుగుల యెత్తున నున్నట్లే ప్రవర్తించును. ఉదయపుచల్లదనమున సులువుగా లేచిన విమానమే మధ్యాహ్నము చెట్లకొనలను దాటలేకపోవచ్చును. కొండలలో తిరుగువారు బలమైన యంత్రమును కోరుటయు, ఉదయముననే ప్రయాణము ముగించుకొనుటయు ఇందువలననే.

నేల యంతటను నేలయే కాదు గదా! సరస్సులున్నచోట చక్రములు తీసి, పడవదొప్పలవంటి ఫ్లోటులు తగిలింతురు. మంచుకాలమున స్కీలను పలకలు తగిలింతురు. ఫ్లోటులు చక్రములకంటె చాల బరువు. సరస్సుపై దిగు సౌకర్యమునకు బదులుగా మోయగల సామాను తగ్గును, వేగమును తగ్గును. కావున తేలికవిమానమునకు ఫ్లోటులు కట్టినచో మన చేతికి మిగులునది స్వల్పము.

మూడవ ప్రశ్న: ఎంతదూరము?

దూరమునకు పెట్రోలు వలయును. పెట్రోలు బరువు మనుష్యుల చోటు తినివేయును. దీనికొక గృహిణి చరిత్రమే తార్కాణము. ఒహాయో రాష్ట్రమందలి కొలంబసు నగరమున ముగ్గురు బిడ్డల తల్లియైన జెర్రీ మాక్ తన 38వ యేట, 1964 మార్చి 19వ తేదీని ఒంటరిగా భూప్రదక్షిణమునకు బయలుదేరెను. ఆమె విమానము కొత్తది కాదు; 1953లో తయారైన సెస్నా 180. అందలి తక్కిన ఆసనములు తీసివేయించి, ఆ చోట పెట్రోలు తొట్లు పెట్టించెను. కరాచీ, ఢిల్లీ, కలకత్తాలమీదుగా పోయి, ఏప్రిలు 17వ తేదీని కొలంబసు చేరెను. భూమిని విమానమున ఒంటరిగా చుట్టివచ్చిన స్త్రీలలో ఆమెయే ప్రథమురాలు. ఆమెకు నలుగురిని మోయు విమానము అక్కఱలేదు; సముద్రము దాటించునది కావలసియుండెను. అందుచే అదే విమానమును తన పనికి తగినట్లు మార్చుకొనెను.

పెద్ద కుటుంబము, పెద్ద బరువు

భార్యాభర్తలును ఇద్దఱు ముగ్గురు పిల్లలును గలవారు, సామానుతో నదీతీరమందలి కుటీరమునకు పోవలయుననుకొందము. వారికి 1961 మొదలు 1985 వఱకు తయారైన సెస్నా 185 పేరుగాంచినది. తరువాతివానికి 300 అశ్వశక్తి; 3,350 పౌనుల హద్దు; దక్కునది సుమారు 1,600 పౌనులు. సెస్నా 206 అనుదానికి ముందుచక్రమును, ప్రక్కన వెడల్పాటి సామాను తలుపును ఉన్నవి. గ్రామములలో చదునుచేసిన బాటలపై జనమును, సరకును చేరవేయుటకు ఇది మిక్కిలి అనువైనది. జార్జియా రాష్ట్రమందలి మౌల్ట్రీ పట్టణమున మాల్ కుటుంబమువారు చేయు విమానములు, కొద్దిచోట లేచుటయందును, నలుగురిని మోయుటయందును నడిమిమేలుగా నుండును. స్థాపకుడు 1995లో కాలము చేసిన పిదప ఆయన భార్య జూన్ మాల్ వృద్ధాప్యమునందును ఆ కర్మాగారమును నడిపెను.

ఇక బరువులు మోయువానిలో పెద్దదిక్కు కెనడాదేశపు బీవరు. దీనిని నిర్మించుటకు ముందు డీహావిలండు కంపెనీవారు అడవిదారి చోదకులకు జాబులు వ్రాసి మీకేమి కావలయునని యడిగిరి. వారు వేగమును పెద్దగా కోరలేదు. బలమును, కొద్దిచోట లేచు శక్తిని కోరిరి. అట్లు రూపొందిన విమానము 1947 ఆగస్టు 16వ తేదీని టొరంటో యొద్ద మొదటిసారి యెగిరెను. 450 అశ్వశక్తి యంత్రము; 5,100 పౌనుల హద్దు; నూనెపీపాను దొర్లించి యెక్కింపదగినంత వెడల్పు తలుపులు; ఎగురుచుండగనే గదిలోనుండి యంత్రమునకు నూనె పోయు వీలు. వాడువారి నడిగి చేసిన వస్తువు గనుక, 1967లో తయారీ నిలిచినను బీవరులు నేటికిని ఎగురుచునే యున్నవి.

అయితే అందఱును బీవరే కొనరాదా? కొనరాదు. సూపర్‌కబ్ గంటకు 8, 9 గాలనుల పెట్రోలు త్రాగును. బీవరు 20 గాలనులకు పైగా త్రాగును. నిండుబరువు మోయునపుడు బీవరు నష్టము కాదు, మోసినది మూడింతలు గనుక. ఒక్కడు చేపలు పట్టుటకు పోవునపుడు అది పెండ్లిగుండిగలో ఇద్దఱి యన్నమే!

పాతవిమానము కొనునపుడు

మీద చెప్పినవానిలో సెస్నా 180, 185, బీవరు ఇపుడు కర్మాగారములనుండి వచ్చుట లేదు. సూపర్‌కబ్ తయారీయు 1994లో నిలిచిపోయినది. కావున పాతవే కొనవలయును. పైరంగు చూచి మోసపోరాదు. గుడ్డచాటున ఇనుపగొట్టములు త్రుప్పుపట్టెనేమో, ఉప్పునీటిపై తిరిగెనేమో, మునుపు పడి బాగుచేయబడినదేమో, ఆ విమానపు పుస్తకములలో మరమ్మతులు సరిగా వ్రాసియున్నవేమో నిపుణునిచే పరీక్షింపజేయవలయును. తోకచక్రము, ఫ్లోటులు గలవానికి, నడుపువారి యనుభవము తక్కువైనచో, భీమా ఖర్చు హెచ్చగును.

విమానమును మించిన వివేకము

అలాస్కాలోని వాల్డీజు పట్టణమున ఏటేట మేనెలలో, ఎవరు తక్కువదూరములో లేచి దిగుదురో చూచు పందెము జరుగును. పది పండ్రెండు అడుగులలోనే దిగి నిలిచిన విమానములు కలవు! కాని అందు ఒక్కడే కూర్చుండును, పెట్రోలు కొంచెమే, ఎదురుగాలి తోడ్పడును. అది చూచి, బిడ్డలను మూటలను నింపుకొని అట్లే దిగుదుననుకొనుట ప్రాణాపాయము.

అచటివారు మూస్ స్టాల్ అను మాట వాడుదురు. మూస్ అనగా ఆ దేశపు పెద్దదుప్పి. స్టాల్ అనగా వేగము చాలక రెక్కలు గాలిపట్టు తప్పుట. క్రింద దుప్పి కనబడగానే దానిచుట్టు తక్కువయెత్తున గిరికీలు కొట్టుచు, చూపు దానిపై నిలిపి వేగము మఱచిన చోదకుని విమానము ఒక్కసారిగా ఒరిగిపడును. సరిదిద్దుకొనుటకు ఎత్తు చాలదు. నెమ్మదిగా నెగురగల విమానమే ఈ యాశను పుట్టించును. ఏ గుణమును జూచి కొంటిమో ఆ గుణమే ఏమఱుపాటున మృత్యువగును.

అలాస్కా ఆదిమజాతులలో ఇనూపియాట్ తెగకు చెందిన ఎలెన్ పానియొక్, తన జాతిస్త్రీలలో మొదటి విమానచోదకురాలై, మారుమూల పల్లెలకు టపాను, సరకులను మోసెను. 1959లో జన్మించి 2008లో గతించిన ఆమె జీవితము, ఈ పనికి కండబలముకంటె జాగరూకత ముఖ్యమని చాటుచున్నది.

కావున చిన్నవిమానము నెన్నుకొనువారు వేగమును, సొగసును వెనుకకు పెట్టి, ఏడాదిలో మాటిమాటికి చేయు ప్రయాణ మేది, అందు మోయు బరువెంత, దిగుచోటు ఎట్టిది, దూరమెంత అని వరుసగా కాగితముపై వ్రాసికొనవలయును. ఏడాదికొకసారి వచ్చు పెద్దపనికి పెద్దవిమానమును అద్దెకు తీసికొనవచ్చును, లేదా చిన్నదానితోనే రెండుమారులు తిరుగవచ్చును. రెండుమారులు తిరుగుట అవమానము కాదు. హద్దుమీఱిన బరువుతో ఒకేమారు పోయి తిరిగిరాకుండుటయే కుటుంబమునకు తీరని దుఃఖము. విమానము మాట యటుండ, ఇంటికి తెచ్చుకొను ప్రతివస్తువు విషయమునను ఈ లెక్క మనకు పనికివచ్చును.