మన్యపు జ్వరానికి సున్నపు కీలకం

కొయ్యూరు అనగానే 1924 మే 7న నేలకొరిగిన అల్లూరి సీతారామరాజు స్మరణకు వస్తాడు. ఆ కొండలలో తుపాకి గుండుకన్న ఎక్కువమందిని బలిగొన్న శత్రువు మరొకటి ఉంది. అదే మన్యపు జ్వరం, అనగా మలేరియా.

దాని గుట్టు బయటపడినది మన సికిందరాబాదులోనే. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపు గోడలో ఆ క్రిమిని చూశాడు. మరి అక్కడ దాని సంతతి పెరగడానికి సంజ్ఞ ఇచ్చేదెవరు? ఎలుకల మలేరియా క్రిమిపై 2004లో వెలువడిన పరిశోధన ఈ ప్రశ్నకు జవాబు చెప్పింది.

రోగి నెత్తురుతోపాటు క్రిమి దోమ కడుపులో పడగానే వేడి తగ్గుతుంది. దోమ దేహంలోని ఒక పదార్థం తోడవుతుంది. వెంటనే మగకణం లోపల కాల్షియం, అంటే మన సున్నంలోని ధాతువే, ఒక్కసారిగా పెరిగి సీడీపీకే-4 అనే ప్రోటీనును మేల్కొలుపుతుంది. పది పదిహేను నిమిషాలలో ఆ కణంనుంచి ఎనిమిది మగబీజాలు వెలువడతాయి.

ఇటువంటి ప్రోటీనులను కైనేజులంటారు. ఏటీపీ అనే పదార్థంనుంచి ఫాస్ఫేటును తీసి మరో ప్రోటీనుకు అంటించడం వీటి పని. బొట్టుపెట్టి పేరంటానికి పిలిచినట్టే! పిలుపు అందుకున్న ప్రోటీను పనిలోకి దిగుతుంది. ఆ ఏటీపీని 1929లో కనుగొన్నవారిలో భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు.

సీడీపీకేలో బొట్టుపెట్టే చెయ్యీ, కాల్షియాన్ని పట్టే పిడికిళ్ళూ ఒకే గొలుసులో ఉంటాయి. కాల్షియం లేనప్పుడు ఆ గొలుసే చేతిని కట్టివేస్తుంది, అది దొరకగానే విడుస్తుంది. మన మెదడులో జ్ఞాపకానికి తోడ్పడే కైనేజు తీరు వేరు. దానికి కాల్షియాన్ని పట్టి తెచ్చేది కాల్మోడ్యులిన్ అనే మరో ప్రోటీను. సీడీపీకేలు మొక్కలలో, కొన్ని ఏకకణజీవులలో ఉన్నాయి గాని మనుషులలో లేవు.

ఆశ అంతా ఇందులోనే ఉంది. ఎలుకల మలేరియా క్రిమినుంచి సీడీపీకే-4ను తొలగిస్తే మగబీజాలు పుట్టలేదు, దోమలకు క్రిమి సోకలేదు. మనకు హాని లేకుండా దీనిని అణచే మందుకోసం శాస్త్రజ్ఞులు వెదకుతున్నారు. అది ఇంకా అంగడికి రాలేదు. వచ్చినా రోగి జ్వరాన్ని అదే తగ్గించకపోవచ్చు. కాని ఆ ఇంటి జ్వరం దోమవెంట పక్కింటి పసివాడికి పోయే దారిని మూసివేయగలదు.

అంతవరకు దోమతెర, నీరు నిలవని వాకిలి, జ్వరం తగిలిన రోజునే రక్తపరీక్ష. మనకివే రక్ష.