మలక్కాలో రెండు రోజులు

ఈ వేసవిలో సంఘ పెద్దలు పది రోజులు సెలవిచ్చారు. కౌలాలంపూరులో ఉన్న బంధువులు ఎప్పటినుంచో రమ్మంటున్నందువల్ల మేము దంపతులం మలేషియా వెళ్లి, దేవుని కృపవలన క్షేమంగా తిరిగి వచ్చాం. ఏలూరులో రైలెక్కి చెన్నై, అక్కడినుంచి విమానంలో నాలుగు గంటలు. వచ్చిన దగ్గరనుంచి అందరూ ఆ జంట గోపురాల సంగతే అడుగుతున్నారు. వాటి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. చాలా ఎత్తుగా ఉన్నాయి. మా మనసులో నిలిచిపోయింది మాత్రం అక్కడికి 150 కిలోమీటర్ల దూరాన, బస్సులో రెండు గంటల దారిలో ఉన్న పాత రేవుపట్నం మలక్కా. అక్కడివారు మెలాకా అంటారు.

ప్రియ పాఠకులారా, ఈ ఊరు మన ప్రాంతానికి పరాయిది కాదు. 1605 ప్రాంతంలో బందరుకు వచ్చిన డచ్చి కంపెనీవారు మన కోస్తా నేతబట్టలను ఓడలకెత్తి తూర్పు దీవులకు తీసుకువెళ్లేవారు. వాటికి బదులు మిరియాలు, లవంగాలు, జాజికాయలు తెచ్చుకునేవారు. మన పాలకొల్లులో వారికి వర్తకశాల ఉండేది. నరసాపురం దగ్గరి మాధవాయపాలెం పేరే ఇంగ్లీషులో ఒక రకం బట్టకు పేరయింది. 1511లో పోర్చుగీసువారు గెలుచుకున్న మలక్కాను 1641లో ఈ డచ్చివారే వారినుంచి పట్టుకున్నారు.

ఆ జయానికి నూరేళ్లు నిండిన జ్ఞాపకార్థం 1741లో మొదలుపెట్టి 1753లో ముగించిన మందిరమే ఊరి నడిబొడ్డున ఉన్న క్రైస్ట్ చర్చి. మందిరం ఎర్రగా ఉంటుంది. మొదట తెల్లగానే ఉండేదట, ఎరుపు ఇంగ్లీషువారి కాలంలో వేసినది. లోపల తలెత్తి చూస్తే పైకప్పు దూలాలు ఒక్కొక్కటి 48 అడుగులు, ఒక్కొక్కటీ ఒకే మానునుంచి చెక్కినది. తల దించితే నేలలో సమాధి రాళ్లు పరిచి ఉన్నాయి. కొన్నిటి మీద ఆర్మేనియను లిపి. యుద్ధంలో గెలిచిన గుర్తుగా మందిరం కట్టడం మాకు అంతగా రుచించలేదు. అయినా ఆ దూలాలు చెక్కిన వడ్రంగుల పనితనానికి చేతులెత్తి మొక్కవలసిందే.

మందిరం వెనుక గుట్ట మీద పోర్చుగీసువారు 1521లో కట్టిన సెయింట్ పాల్స్ మందిరం ఉంది. ఇప్పుడు గోడలే మిగిలాయి. మా ఆవిడ మోకాళ్ల నొప్పితోనే మెల్లగా మెట్లన్నీ ఎక్కింది. 1552లో చైనా తీరాన కన్నుమూసిన ఫ్రాన్సిస్ జేవియర్ దేహాన్ని గోవాకు తీసుకువెళ్లే ముందు కొన్ని నెలలు ఇక్కడే ఉంచారు. గోడలకు ఆనించిన డచ్చి సమాధి రాళ్లు నిలువెత్తున ఉన్నాయి. గుట్ట కింద ‘డచ్చివారి సమాధుల తోట’ అని మరొకటి ఉంది గాని, అందులో ఎక్కువమంది ఇంగ్లీషువారే!

మాకు అన్నిటికంటె ముఖ్యమనిపించిన సంగతికి అక్కడ పెద్ద కట్టడమేదీ మాకు కనబడలేదు. 1805లో విశాఖపట్నానికి క్రాన్, డిగ్రాంజిస్ అనే సేవకులను పంపి, సువార్తలను తెలుగులోకి తెచ్చే పనికి నాంది పలికిన లండన్ మిషనరీ సొసైటీయే 1815లో విలియం మిల్నెను మలక్కాకు పంపింది. మోరిసన్‌తో కలిసి ఆయన చేసిన చైనా భాష బైబిలు 1823లో ఈ ఊళ్లోనే అచ్చయింది. అది చూడకుండానే 1822లో, 37 ఏళ్లకే, మిల్నె ప్రభువు సన్నిధికి చేరాడు.

1819లో సింగపూరు లేచాక మలక్కా రేవు వెలవెలబోయింది. మన బందరు కథా ఇంచుమించు ఇంతే. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెనలో సుమారు 30 వేలమంది పోయారు, ఆ తరువాత ఆ పట్నం మునుపటిలా కోలుకోలేదు. కాని మలక్కావారు పాత రాళ్లను కాపాడుకున్నారు. 2008లో యునెస్కో జాబితాకెక్కారు, ఇప్పుడు వాటిమీదే బతుకుతున్నారు. బందరులోనూ డచ్చివారి సమాధులు ఉన్నాయి, పురావస్తు శాఖ కాపాడుతోంది. ఏలూరునుంచి రెండు మూడు గంటల దారి. ఎంతమంది పిల్లలకు చూపించి ఉంటాం?

శనివారం రాత్రి జోంకర్ వీధి సంతకు వెళ్లాం. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్టులోకూడా అంత తొక్కిడి చూడలేదు. కొబ్బరిపాలు, మంచు, ఆకుపచ్చని పిండి తీగలు, వాటిమీద కొబ్బరిగెలల కల్లునుంచి కాచిన బెల్లం పాకం పోసి ‘చెండోల్’ అని ఇస్తారు. మా ఆవిడ రెండు గిన్నెలు తిని, ఇన్ని కొబ్బరితోటలుండీ మనవాళ్లు ఇలాంటి బెల్లం ఎందుకు కాయరండీ అని అడిగింది. అక్కడికి దగ్గరలోనే 1748 నాటి కంపుంగ్ క్లింగ్ మసీదు ఉంది. ఆ ‘క్లింగ్’ కళింగ దేశం పేరునుంచి వచ్చిన మాట అంటారు. ఇప్పుడు మాత్రం అక్కడి భారతీయులకు అది తిట్టు.

ఆదివారం క్రైస్ట్ చర్చిలో తమిళ ఆరాధనకు కూర్చున్నాం. మా ఆవిడకు ఈ ప్రయాణంలో వేరే పని ఒకటి ఉంది. ఆమె తాతగారి అన్న కొల్లేటి లంకనుంచి మలయాకు తోట కూలిగా వెళ్లి తిరిగి రాలేదు. పుట్టింటి పాత బైబిలు మొదటి పేజీలో ఆయన పేరు, ‘మలయా, 1926’ అనే మాట ఉన్నాయి. మరణ తేదీ రాయవలసిన చోటు ఖాళీ. రెండు రోజులూ ప్రతి రాయి దగ్గరా ఆమె ఎందుకు ఆగుతోందో మాకు తెలుసు. కూలివాడికి రాయి ఎవరు వేస్తారు?

ఆరాధన అయ్యాక ఒక తమిళ పెద్దాయన విని, “తెలుగువాళ్లు ఎక్కువగా పేరాలోనమ్మా, బాగన్ డాటో కొబ్బరితోటల్లో” అన్నారు. అది ఉత్తరంగా మరో రోజు ప్రయాణం. మా తిరుగు టిక్కెట్టు మంగళవారానికి ఉంది. ఆయన అక్కడి మూడు సంఘాల చిరునామాలు మా డైరీలో రాసిచ్చారు.

ఇంటికి రాగానే మూడింటికీ ఉత్తరాలు రాశాం. ఒకచోటినుంచి జవాబు వచ్చింది. పాత పుస్తకాలు చెదలు తినేశాయట. మిగిలిన రెండింటి కోసం ఎదురుచూస్తున్నాం.